డిజైన్ పనికి మానిటర్ ఎంచుకోవడం: ప్రెస్సుకు పనిచేసేవారికి ఒక వివరమైన సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు హైదరాబాద్ నారాయణగూడలో చిన్న డిజైన్ ఆఫీసు నడుపుతున్నారు. పనిలో ఎక్కువ భాగం పెళ్లికార్డులు, పచ్చళ్లూ పొడుల ప్యాకెట్ల లేబుళ్లు. మిగిలింది దుకాణాలవారికి ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ పోస్టర్లు. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్‌తో పాటు అనూ తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కూడా రోజూ వాడుతున్నారు. తెరమీద మెరూన్‌గా ఉన్న కార్డు ప్రెస్సు నుంచి ఇటుకరంగుకు దగ్గరగా వచ్చిందనీ, పసుపు లేబుల్ ఆకుపచ్చ ఛాయ కొట్టిందనీ, ప్రింటు మొత్తం డల్‌గా ఉందని పార్టీలు (పని ఇచ్చే కస్టమర్లు) పేచీ పెడుతున్నారనీ రాశారు. యాభై వేల రూపాయలలో 32 అంగుళాలది తీసుకోవాలా, 27 అంగుళాలదా, 4కే అవసరమా, అడోబ్ ఆర్‌జీబీ (మరిన్ని రంగులు చూపే ప్రమాణం) ఉన్నదే కావాలా అన్నవి మీ సందేహాలు.

వీటన్నిటికీ సమాధానం, మీ పని చివరికి దేనిమీద కనిపిస్తుందో అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటే దొరుకుతుంది. మీ పని ఎక్కువగా ఆర్ట్ పేపరుమీద, నాలుగు రంగుల ఆఫ్‌సెట్ ముద్రణలో కనిపిస్తుంది. తర్వాత ఫోన్ తెరమీద కనిపిస్తుంది. అందువల్ల మీకు కావలసింది కాగితం చూపగలిగినంత వెలుగులో, నిన్న చూపిన రంగునే ఇవాళ కూడా చూపే తెర. దుకాణంలో వరసగా పెట్టిన మానిటర్లలో కళ్లు జిగేలుమనిపించేది సాధారణంగా ఈ పనికి తగినది కాదు. అట్టపెట్టెమీద రాసిన సంఖ్యలలో సగం ఆటలవారికోసం, సినిమాలు చూసేవారికోసం రాసినవే.

అన్నిటికంటే ముందు డల్‌గా వస్తున్నదన్న ఫిర్యాదు సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్త మానిటర్ కొన్నా అది మీ వెంటే వస్తుంది. మానిటర్లు కంపెనీ నుంచి సాధారణంగా 300 నిట్లకు (నిట్ అంటే తెర వెలుగు కొలత) అటూ ఇటుగా వెలుగు ఇచ్చేలా వస్తాయి. ఆఫీసు గదిలో ట్యూబులైటు కింద పెట్టిన తెల్లకాగితం అంత వెలుగును తిప్పి పంపలేదు. రోజంతా ఆ మితిమీరిన వెలుగులో పనిచేసిన డిజైనర్, ఫొటోలోని నీడలు తెరమీద బాగానే విప్పారి కనిపిస్తున్నాయి కదా అని ఫైలును వదిలేస్తాడు. ఆ నీడలే కాగితంమీద ముద్దకట్టి నల్లబడతాయి. ప్రెస్సువారు సిరా ఎక్కువ వేశారని మనం అంటాం, ఫైలే అలా ఉందని వాళ్లంటారు. ప్రింటు పనికి తెర వెలుగును 80 నుంచి 120 నిట్ల మధ్య ఉంచుకోవడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. కొలిచే పరికరం లేకపోయినా దీన్ని సుమారుగా కుదుర్చుకోవచ్చు: తెరమీద ఖాళీ తెల్లపేజీ తెరిచి, పక్కన మీరు వాడే ఆర్ట్ పేపరు పట్టుకుని, రెండు తెలుపులూ ఒకే వెలుగుగా అనిపించేవరకు బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదటి రెండు రోజులు తెర మసకబారినట్టు అనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటుపడుతుంది. ఈ పని మీ పాత మానిటర్‌మీదే ఇవాళే చేసి చూడండి. పార్టీల పేచీలలో కొన్ని ఖర్చు లేకుండానే తగ్గవచ్చు.

మెరూన్ సంగతికి వస్తే, చాలా ఆఫీసు మానిటర్ల తెలుపు నీలం వైపు మొగ్గి ఉంటుంది. తెలుపు ఎంత చల్లగా, అంటే నీలంగా ఉందో కెల్విన్‌లలో చెబుతారు. డిజైన్ పనికి 6500 కెల్విన్ ప్రమాణం, మెనూలోని 'కూల్' అమరిక దీన్ని దాటి చాలా పైకి పోతుంది. నీలం కలిసిన తెరమీద మెరూన్ కాస్త వంగపండు వైపు జరిగి కనిపిస్తుంది కాబట్టి, దాన్ని సరిచేయాలని మనకు తెలియకుండానే ఫైలులో పసుపు పెంచుతాం. కాగితంమీద ఆ నీలం ఉండదు, మనం పెంచిన పసుపు మాత్రం మిగులుతుంది. మెరూన్ ఇటుకరంగు కావడానికి అంతకంటే వేరే కారణం అక్కరలేదు.

పసుపు లేబుల్‌ది మాత్రం మానిటర్ తప్పు కాకపోవచ్చు. తెర రంగుల లెక్క అయిన ఆర్‌జీబీలో 255, 255, 0 అని ఉన్న పసుపును ఫొటోషాప్ తనంతట తాను పెట్టుకున్న అమెరికన్ స్వాప్ ప్రొఫైల్‌తో (ప్రొఫైల్ అంటే రంగుల లెక్కలున్న ఫైలు) సీఎంవైకేలోకి, అంటే ప్రెస్సువారి సయాన్ (లేతనీలం), మెజెంటా, పసుపు, నలుపు సిరాల లెక్కలోకి మారిస్తే సయాన్ 6, పసుపు 97 దగ్గర తేలుతుంది. ఆ ఆరు శాతం సయానే మీ పసుపులో ఆకుపచ్చ. తెరమీద దాన్ని పసిగట్టడం మంచి మానిటర్‌మీద కూడా కష్టమే. ఇన్ఫో ప్యానెల్‌లో అంకెలు చూసి, సయాన్‌ను సున్నా చేసి, అవసరమైతే కొద్దిగా మెజెంటా కలపడమే దారి. పసుపు, కుంకుమ, మామిడాకు పచ్చ వంటి రంగులు మన శుభకార్యాల కార్డులలో తప్పవు కాబట్టి వీటి అంకెలు ఒక కాగితంమీద రాసి గోడకు అంటించుకోండి. ఛత్తా బజార్‌లో కార్డులు వేయించేవారికి ఇంకో మాట కూడా తెలిసే ఉంటుంది: బంగారు ఫాయిల్ ఏ తెరమీదా కనిపించదు, దాని పక్కన మెరూన్ ఎలా ఉంటుందో ఫాయిల్ నమూనా చేతిలో పట్టుకునే తేల్చుకోవాలి.

ఇక రంగుల విస్తృతి, అంటే ఒక తెర ఎన్ని రంగులను చూపగలదన్నది. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో రూపొందించిన రంగుల ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీ ఇప్పటికీ వెబ్‌కు, ఫోన్ పోస్టర్లకు, సాధారణ కంప్యూటర్ పనికి ఆధారం. రెండేళ్ల తర్వాత, 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ ఆకుపచ్చ, సయాన్ వైపు మరింత విస్తరించి, ఆఫ్‌సెట్ సిరాలు కాగితంమీద చూపగల రంగులలో చాలావాటిని తనలో ఇముడ్చుకుంటుంది. నూటికి నూరు సయాన్ సిరా రంగు ఎస్‌ఆర్‌జీబీ పరిధికి బయట ఉంటుంది, కాబట్టి ఎస్‌ఆర్‌జీబీ తెర దాన్ని ఉన్నదున్నట్టు చూపలేదు. సినిమా ప్రొజెక్షన్ కోసం పుట్టిన డీసీఐ-పీ3 ఎరుపు, నారింజ వైపు ఎక్కువ విస్తరించింది; వీడియో, ఐఫోన్ పనులకు అది ఉపయోగం.

మీకు అడోబ్ ఆర్‌జీబీ కావాలా అంటే, ఇప్పుడు వద్దు అంటాను. మీ కార్డులలో మెరూన్, ఎరుపు, పసుపు ప్రధానం. ఆ విస్తృతి లాభం ఎక్కువగా కనిపించేది నెమలికంఠం నీలాలు, సముద్రపు ఆకుపచ్చలు ఉన్న ఫొటో పుస్తకాల్లో, ఖరీదైన కేటలాగుల్లో. పైగా విస్తృతి ఎక్కువ ఉన్న తెరకు సరైన ప్రొఫైల్ లేకపోతే, రంగుల నిర్వహణ తెలియని పాత సాఫ్ట్‌వేర్‌లలో అన్నీ పొగరెక్కిన రంగుల్లా కనిపిస్తాయి. అలాంటి తెరమీద చూసి రంగు తగ్గిస్తే, ప్రింటులో అది వెలిసిపోయినట్టు వస్తుంది. పోచంపల్లి చీరల కేటలాగు వేయాల్సి వచ్చిన రోజున ఆ ఖర్చు సంగతి ఆలోచించవచ్చు.

పెట్టెమీది శాతాలను చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుపెట్టుకోండి. '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే అది దాదాపుగా పూర్తి ఎస్‌ఆర్‌జీబీకి సమానమైన విస్తీర్ణం. '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి, ఎరుపులు వెలిసిపోయి కనిపిస్తాయి. ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953 నాటి అమెరికన్ కలర్ టీవీ ప్రమాణం. తక్కువ ధర తెరల లోటు తేలికగా తెలియకుండా ఉండటానికి తప్ప ఈనాటి డిజైనర్‌కు ఆ కొలతతో పని లేదు. '125 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అని రాస్తే అది విస్తీర్ణం ఎంత పెద్దదో చెబుతుంది గానీ ఎస్‌ఆర్‌జీబీ మొత్తాన్ని కప్పుతుందని చెప్పదు. మీకు కావలసిన వాక్యం '99 లేదా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, డెల్టా-ఈ 2 లోపు' అన్నది. డెల్టా-ఈ అంటే ఉండవలసిన రంగుకూ తెర చూపిన రంగుకూ మధ్య ఉన్న తేడా. ఒకటి లోపు ఉంటే మామూలు కన్ను దాదాపుగా పట్టలేదు, రెండు లోపు ఉంటే మన పనికి ఇబ్బంది లేదు.

ప్యానెల్ (తెర లోపలి పలక) రకం గురించి ఎక్కువ తర్జనభర్జన అవసరం లేదు: ఐపీఎస్ తీసుకోండి. టీఎన్ ప్యానెల్‌లో తల కాస్త పైకెత్తితే రంగు మారుతుంది. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది గానీ పక్కనుంచి చూస్తే ముదురు ఛాయలు తేలిపోతాయి, పెద్ద తెర అయితే మధ్యలో కూర్చున్నా అంచుల్లో ఆ తేడా కనిపిస్తుంది. ఓఎల్ఈడీ చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కాని టూల్‌బార్లు, ప్యానెళ్లు రోజుకు పది గంటలు ఒకేచోట నిలిచి ఉండే మన పనిలో వాటి అచ్చు తెరమీద మిగిలిపోయే ప్రమాదం ఉంది, కొన్నిటిలో సన్నని అక్షరాల అంచులకు రంగు అంటినట్టు ఉంటుంది. వంపు తిరిగిన తెర లేబుల్ గీతలు వేసేవారికి వద్దు. పెట్టెమీద హెచ్‌డీఆర్ 400 (వెలుగునీడల తేడా ఎక్కువ చూపుతుందనే ముద్ర) అని కనిపిస్తే దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

ఇప్పుడు సైజు, రిజల్యూషన్. తెలుగులో పనిచేసేవారికి ఇది ఇంగ్లీషులో పనిచేసేవారికంటే ముఖ్యమైన విషయమని నా అభిప్రాయం. లెక్క వేసి చూడండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. పది పాయింట్ల అక్షరాన్ని అసలు సైజులో చూస్తే దాని మొత్తం ఎత్తుకు దక్కేవి పన్నెండు, పదమూడు పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరం ఆ ఎత్తులో హాయిగా కూర్చుంటుంది. మన అక్షరానికి పైన తలకట్టు లేదా గుడి, కింద వత్తు, 'లక్ష్మీ' వంటి చోట వత్తు కింద మరో వత్తు ఉంటాయి. ఆ వత్తుకు మిగిలేవి మూడు, నాలుగు పిక్సెళ్లు. 'చి.ల.సౌ. లక్ష్మీ' అన్నది కార్డుమీద ఎంత ముఖ్యమైన పంక్తో చెప్పనక్కరలేదు. థకారంలోని చుక్క కనిపించక ధకారంగా చదువుకుని ప్రూఫు దాటించేయడం, తవత్తుకూ నవత్తుకూ తేడా పోల్చలేకపోవడం ఇలాంటి తెరలమీదే ఎక్కువ. జూమ్ చేసి చూడవచ్చు, నిజమే. కానీ రోజుకు వంద పేరాలు చూసేవారు ప్రతిదాన్నీ జూమ్ చేయరు.

27 అంగుళాలలో 2560 బై 1440, అంటే దుకాణాల్లో 2కే అనీ క్యూహెచ్‌డీ అనీ పిలిచేది, అంగుళానికి 109 పిక్సెళ్లు ఇస్తుంది. అదే 27 అంగుళాలలో 4కే అయితే 163 వస్తాయి, పది పాయింట్ల అక్షరానికి ఇరవై రెండు పిక్సెళ్లకు పైగా దక్కుతాయి. ఈ తేడా కళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. మీరు అడిగిన 32 అంగుళాల తెర క్యూహెచ్‌డీలో అయితే మళ్లీ 92 పిక్సెళ్లకే దిగుతుంది, అంటే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా సమానం. తెర పెద్దదవుతుంది, అక్షరం మాత్రం బాగుపడదు. 32 అంగుళాలు కావాలంటే 4కేలోనే తీసుకోవాలి, అందులో 138 వస్తాయి.

అయినా మీకు నేరుగా 4కే చెప్పకపోవడానికి కారణం పేజ్‌మేకర్. దాని చివరి వెర్షన్ 7.0 విడుదలైంది 2001లో. 27 అంగుళాల 4కే తెరను విండోస్‌లో సాధారణంగా 150 శాతం స్కేలింగ్‌తో, అంటే మెనూలనూ అక్షరాలనూ ఒకటిన్నర రెట్లు పెద్దవి చేసి వాడాలి. అంత పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ స్కేలింగ్ అర్థం కాదు. దాన్ని విండోస్ సాగదీస్తే అక్షరాలు మసకబారతాయి, సాగదీయకపోతే మెనూలు చీమల్లా కనిపిస్తాయి. రోజూ సగం పని పేజ్‌మేకర్‌లో జరుగుతున్నంత కాలం, 100 శాతం స్కేలింగ్‌లో సుఖంగా నడిచే 27 అంగుళాల క్యూహెచ్‌డీ మీకు సరైనది. ఇన్‌డిజైన్‌కూ యూనికోడ్ ఫాంట్లకూ ఈ ఏడాదిలోనే మారిపోయే ఉద్దేశం ఉంటే 4కే వైపు వెళ్లండి, ఆలోచించనక్కరలేదు. మ్యాక్ వాడే మిత్రులెవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట: ఆపిల్ 2018లో మ్యాక్‌ఓఎస్ మొహావీ వెర్షన్‌తో అక్షరాలను నునుపు చేసే పాత పద్ధతిని డిఫాల్ట్‌గా తీసేసింది కాబట్టి క్యూహెచ్‌డీ తెరమీద అక్షరాలు విండోస్‌లో కంటే పలచగా, మసకగా కనిపిస్తాయి, మ్యాక్‌కు 4కే లేదా 5కే మంచిది.

మోడళ్ల పేర్లు అడిగారు గనుక చెబుతున్నాను. ఆసుస్ ప్రోఆర్ట్ శ్రేణిలో పీఏ278క్యూవీ క్యూహెచ్‌డీ, పీఏ279సీవీ 4కే. రెండూ ఐపీఎస్, పూర్తి ఎస్‌ఆర్‌జీబీ, కంపెనీలోనే రంగులు సరిచూసి పంపేవి. బెన్‌క్యూ పీడీ శ్రేణి కూడా ఇదే పనికి ఉద్దేశించినది. డెల్ అల్ట్రాషార్ప్ యూ2723క్యూఈ నలుపు విషయంలో మామూలు ఐపీఎస్‌ల కంటే మెరుగు, కాంట్రాస్ట్ 2000:1 అని చెబుతారు. మామూలు ఐపీఎస్‌లో అది 1000:1 దగ్గర ఉంటుంది. ఐజో కలర్‌ఎడ్జ్ సీజీ వంటివాటిలో రంగులు కొలిచే సెన్సర్ తెరలోనే ఉంటుంది, అవి మీ బడ్జెట్‌కు అందవు, ప్రస్తుతం మీకు అవసరమూ లేదు. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి అంకెలు రాయడం లేదు. మీరనుకున్న మొత్తం అంతా మానిటర్‌కే పెట్టకుండా క్యూహెచ్‌డీ మోడల్ తీసుకుని, మిగిలినదానితో రంగు కొలిచే పరికరం కొనమని నా సలహా.

క్యాలిబ్రైట్, స్పైడర్ వంటి ఆ చిన్న పరికరాన్ని తెరమీద వేలాడదీస్తే అది రంగులను కొలిచి మీ తెరకు సరిపోయే ప్రొఫైల్ తయారుచేస్తుంది. కంపెనీలో సరిచూసిన రంగులు వాడకంలో జరుగుతూ ఉంటాయి, ఎల్ఈడీ వెలుగు గంటలతో పాటు తగ్గుతుంది. నెలకోసారి, మానిటర్ వేసి అరగంట గడిచాక కొలవాలి. లక్ష్యంగా 6500 కెల్విన్, గామా (మధ్య ఛాయల వెలుగు లెక్క) 2.2, 100 నుంచి 120 నిట్లు పెట్టుకోండి. ఒక్కరే భరించడం ఎక్కువనిపిస్తే, మీ వీధిలో ఇదే పని చేసే ముగ్గురు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, నెలకోసారి వాడేదానికి అదేమీ ఇబ్బంది కాదు. కొలిచిన తర్వాత నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్ వంటివన్నీ ఆపేయాలి, లేకపోతే చేసిన శ్రమ వృథా.

గది సంగతి చాలామంది పట్టించుకోరు. పడమటి కిటికీ పక్కన మానిటర్ పెడితే మన ఎండాకాలపు మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఏ రంగునూ నమ్మలేం. మందపాటి కర్టెన్ కట్టండి లేదా బల్లను తిప్పండి. ఎదురుగా గోడకు ముదురు నారింజ, చిలకాకుపచ్చ వంటి రంగులు ఉంటే ఆ ఛాయ తెరమీద పడుతుంది. ప్రెస్సు ప్రూఫును పసుపు బల్బు కింద చూసి రంగు తప్పిందనడం న్యాయం కాదు. ప్రింటు చూడటానికి అంతర్జాతీయ ప్రమాణం 5000 కెల్విన్ వెలుగు. రంగులను సరిగా చూపే సూచిక, అంటే సీఆర్ఐ, 90కి పైన ఉన్న ఎల్ఈడీ దీపం ఒకటి ప్రూఫులు చూసే చోట పెట్టుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో ఒక పని మిగిలింది. మీరు వేయించే ప్రెస్సువారిని వారి సీఎంవైకే ప్రొఫైల్ ఇమ్మని అడగండి. లేదంటే పూతపూసిన ఆర్ట్ పేపరుకు ఫోగ్రా39 అనే ప్రొఫైల్ పెట్టుకుని, ఫొటోషాప్‌లో ప్రూఫ్ కలర్స్ (ప్రింటులో ఎలా వస్తుందో తెరమీదే చూపే అమరిక) వేసి చూస్తూ పనిచేయండి. అది వేయగానే రంగులు కాస్త చచ్చినట్టు అనిపిస్తాయి. కాగితం ఇవ్వగలిగేది అంతే, పార్టీకి ముందే ఆ రూపం చూపిస్తే తర్వాత పేచీ ఉండదు. వాట్సాప్‌లో ఫొటో పంపి ఓకే చేయించుకోవడం మాత్రం మానుకోండి. పార్టీ ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంటే మీ మెరూన్ అక్కడ కెంపులా మెరుస్తుంది, ఆ మెరుపును కాగితంమీద తెచ్చివ్వమని అడుగుతారు.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళితే ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫైళ్లు పెట్టుకు వెళ్లండి: ఎనిమిది పాయింట్ల తెలుగు పేరా, నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుగా ఉన్న బూడిదరంగు పట్టీ, పూర్తి తెర నిండా ఒకే మధ్యస్థ బూడిదరంగు, మీరే డిజైన్ చేసిన ఒక కార్డు. ఆ కార్డు ప్రింటు కాపీ కూడా చేతిలో ఉండాలి. డెమో తెర వివిడ్ మోడ్‌లో ఉంటుంది, ముందు ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లోకి మార్పించండి. ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ తగ్గించుకోవడానికి వీలుందో లేదో చూడండి. చాలా మోడళ్లలో అది బిగించేసి ఉంటుంది, అలాంటిది మీకు పనికిరాదు. బూడిదరంగు తెరలో ఒక మూల గులాబీగా, ఇంకో మూల పచ్చగా ఉంటే అది లేబుళ్ల లేతరంగుల్లో రోజూ మిమ్మల్ని వేధిస్తుంది. బూడిద పట్టీలో నలుపు వైపు మెట్లు కలిసిపోకుండా విడివిడిగా కనిపించాలి. తక్కువ ధరకు దొరికే వాడేసిన ఆఫీసు మానిటర్లను రెండో తెరగా, టూల్స్ పెట్టుకోవడానికి తీసుకోండి, రంగు చూడటానికి కాదు.

ఇంటికి తెచ్చాక డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో కలపండి. హెచ్‌డీఎంఐ వాడితే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఆర్‌జీబీ పరిధి 'ఫుల్' అని ఉందో లేదో చూసుకోండి, 'లిమిటెడ్' అని ఉంటే తెరను టీవీగా భావించి నలుపును బూడిదగా చూపిస్తుంది. 4కే తీసుకుంటే పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు సెకనుకు 30 ఫ్రేములే ఇస్తుంది, మౌస్ బరువుగా కదులుతుంది.

పెట్టెను దుకాణంలోనే తెరిపించి, తెల్లతెర, నల్లతెర వేసి చచ్చిన పిక్సెళ్లు లేవని చూసుకోండి. ఒకటి రెండు ఉంటే కంపెనీ నియమాల ప్రకారం మార్చి ఇవ్వకపోవచ్చు, దుకాణం దాటకముందే అయితే వేరే పెట్టె తెరుస్తారు. జీఎస్టీ బిల్లుమీద సీరియల్ నంబరు రాయించుకోండి, అది మానిటర్ వెనక అంటించిన నంబరుతో కలిసిందో లేదో అక్కడే సరిచూసుకోండి, వారంటీకి వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే.